7ని ఎలా పలకాలో యంత్రానికి ఎవరు చెప్పాలి?

ముందు ఈ ఐదు ముక్కలు పైకి చదవండి.

సా. 7:30కి హారతి.
7 మంది వాలంటీర్లు కావాలి.
మాఘ శు. 7, రథసప్తమి.
గుడి 7వ వార్షికోత్సవం.
7 రోజుల భాగవత సప్తాహం.

తెలుగు బాగా వచ్చినవాళ్ళ నోట వచ్చేవి ఇవి: ఏడున్నర, ఏడుగురు, సప్తమి, ఏడవ, ఏడు. కాగితం మీద అంకె ఒకటే, నోట్లో ఐదు మాటలు. మనలాగా పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకున్నవాళ్ళకి ఇందులో రెండు మూడు చోట్ల నాలుక ఆగుతుంది. యంత్రానికి ఆగదు. ఐదు చోట్లా ఏదో ఒకటి ధైర్యంగా చదివేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మధ్య గుళ్ళలోనూ ఇళ్ళలోనూ యంత్రం గొంతుతో తెలుగు చదివించడం మొదలైంది. అది తప్పు చదివినప్పుడు జనం రెండు పనులు చేస్తున్నారు. కొందరు తెలుగునే తీసేస్తున్నారు. కొందరు యంత్రానికి నచ్చేటట్టు తెలుగు రాతనే మార్చేస్తున్నారు. రెండూ అక్కర్లేదని నా అభిప్రాయం. రాతకీ గొంతుకీ మధ్య ఒక చిన్న మెట్టు ఉంది. దాన్ని ఫిల్టర్ అంటారు. సరిచేయాల్సింది అక్కడ. ఆ మెట్టు మీద ఏం పెట్టాలో చెప్పాల్సింది తెలుగు నోట్లో ఉన్న పెద్దవాళ్ళు, కంప్యూటర్ చదివినవాళ్ళు ఒక్కళ్ళే కాదు.

ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే

మేం ఉండేది అమెరికాలో. మా గుడికి ఒక ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చేస్తే ఆ వారం పూజలు, వాటి సమయాలు, అన్నదానం ఎవరి పేరు మీద జరుగుతోందో వినిపిస్తుంది. ఒకటి నొక్కితే ఇంగ్లీషు, రెండు నొక్కితే తెలుగు. వెబ్‌సైట్ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, అయినా రెండు నొక్కేవాళ్ళు ఉన్నారు. పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మమ్మలు, చూపు తగ్గిన తాతగార్లు, ఇంగ్లీషు గబగబా మాట్లాడితే అందుకోలేని పెద్దవాళ్ళు.

చాలా ఏళ్ళు ఒక వాలంటీరు ప్రతి గురువారం కూర్చుని ఆ వారం వివరాలు తన గొంతుతో రికార్డు చేసేవారు. ఆవిడ వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. తర్వాత ఆ పనికి ఎవరూ కుదరలేదు. కాలేజీలో చదివే ఒక అబ్బాయి, గుడి స్ప్రెడ్‌షీట్ నుంచే యంత్రం నేరుగా చదివేటట్టు ఏర్పాటు చేశాడు. ఇంగ్లీషు బాగానే నడిచింది. తెలుగు మీద ఫిర్యాదులు వచ్చాయి.

అన్నిటికంటే నాకు బాధ వేసింది ఒకటుంది. ఒక కుటుంబం తండ్రిగారి సంవత్సరీకానికి అన్నదానం పెట్టించింది. షీట్‌లో ఆయన పేరు ముందు "కీ.శే." అని ఉంది. గొంతు "కీ" అని ఆగింది, "శే" అని ఆగింది, తర్వాత పేరు చదివింది. ఆయన భార్య ఇండియా నుంచి ఫోన్ చేసి విన్నారు. "నాన్నగారి పేరు ముందు ఆ కీ ఏమిట్రా, శే ఏమిట్రా?" అని కొడుకుని అడిగారట.

కీర్తిశేషులు అనేది ఎంత మర్యాద ఉన్న మాట! కీర్తి మాత్రమే మిగిలినవారు అని. దాన్ని రెండు అరుపులుగా మార్చి ఆవిడకి వినిపించాం. ఆ తర్వాత మా కమిటీలో కొందరు అన్నది ఇది: "రెండో బటన్ తీసేద్దాం. ఇంగ్లీషు చాలు." వచ్చే మీటింగులో అది తేలాలి. నేను తీసెయ్యొద్దని చెప్పబోతున్నాను. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ ఊళ్ళో కూడా ఇదే మాట వస్తుంది.

టెంప్లేట్, ఫిల్టర్ అంటే ఏమిటి

గుడికి వెళ్ళేవాళ్ళకి ఇది చెప్పడం సులువు. సంకల్పం ఒక టెంప్లేట్. వాక్యం తయారుగా ఉంటుంది, మధ్యలో ఖాళీలు ఉంటాయి: సంవత్సరం, మాసం, పక్షం, తిథి, గోత్రం, పేరు. పంతులుగారు ఖాళీలు నింపుతారు. కానీ ఉత్తినే నింపరు. క్యాలెండర్‌లో "సప్తమి" అని ఉంటే ఆయన నోట "సప్తమ్యాం తిథౌ" అని వస్తుంది. ఖాళీలో పడే ముందు మాట రూపం మారింది. ఆ మార్చే పనే ఫిల్టర్.

కంప్యూటర్‌లో కూడా అంతే. "ఈ రోజు ఖాళీ గంటలకి ఖాళీ పూజ" అని ఒక వాక్యం ఉంటుంది. స్ప్రెడ్‌షీట్ నుంచి సమయం, పూజ పేరు వచ్చి పడతాయి. పడే ముందు ఒక నిలువు గీత పెట్టి, దాని పక్కన ఫిల్టర్ పేరు రాస్తారు. గీత ఎడమ పక్కన ఉన్నది ఫిల్టర్‌లోకి వెళ్ళి, మారి, బయటికి వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి ఎన్ని గీతలైనా పెట్టుకోవచ్చు. ఎడమ నుంచి కుడికి వరసగా జరుగుతుంది.

మేం వాడేది జింజా అనే టెంప్లేట్ పద్ధతి. పైథాన్ భాషలో ఉంటుంది. అర్మిన్ రోనాకర్ అనే ఆయన తయారు చేశారు. జింజా అంటే జపాన్ భాషలో గుడి. టెంపుల్, టెంప్లేట్ అనే మాటలు దగ్గరగా వినిపిస్తాయని ఆ పేరు పెట్టారు. ఇది తెలిసినప్పుడు మా వాలంటీర్లందరికీ భలే సంతోషం వేసింది. ఇళ్ళలో లైట్లు, తలుపులు నడిపే హోమ్ అసిస్టెంట్‌లో కూడా ఇదే జింజా ఉంది. అంటే మీ ఇంట్లో స్పీకర్ చేత తెలుగులో ఏమైనా చెప్పించాలన్నా ఇదే దారి.

జింజాలో తయారుగా కొన్ని ఫిల్టర్లు ఉంటాయి. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడానికి రిప్లేస్. దశాంశాలు కుదించడానికి రౌండ్. షీట్‌లో గడి ఖాళీగా ఉంటే బదులు ఏం చెప్పాలో పెట్టడానికి డీఫాల్ట్. అవి చాలకపోతే మన సొంత ఫిల్టర్ రాసుకోవచ్చు. తెలుగుకి సొంతవి తప్పవు.

ఫిల్టర్ తర్వాత ఇంకో సాయం కూడా ఉంది. గొంతు యంత్రాలకి సూచనలు రాయడానికి ఎస్‌ఎస్‌ఎంఎల్ అనే ఒక ప్రమాణం ఉంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2004లో దాన్ని ఆమోదించింది. ఇక్కడ కాస్త ఆగు, ఇక్కడ నెమ్మదిగా చదువు అని అందులో చెప్పొచ్చు. అందులో సబ్ అని ఒక గుర్తు ఉంది. రాసింది ఒకటి, పలకాల్సింది ఇంకొకటి అని చెప్పడానికే అది. అంటే రాత వేరు, పలుకు వేరు అని ఆ ప్రమాణం రాసినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. మన వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

గంట

మేం మొదట రాయించిన ఫిల్టర్ పేరు గంట. 7:30 ఇస్తే "ఏడున్నర" ఇవ్వాలి. "ఏడు గంటల ముప్పై నిమిషములు" అంటే అర్థం కాదని కాదు. రైల్వే స్టేషన్లో అలాగే చెప్తారు. కానీ గుడి నుంచి ఫోన్‌లో పలకరించే గొంతు రైల్వే స్టేషన్‌లా ఉండకూడదు. పైగా ఆ లైన్ మన పిల్లలు కూడా వింటారు. వాళ్ళు "ఏడున్నర" అనే మాట ఇంకెక్కడ వింటారు?

1:00 వచ్చేసరికి పెద్దవాళ్ళు నవ్వారు. "ఒకటి గంటలకి" అనరు కదా, "ఒంటిగంటకి" అంటారు. అది ఒక్కటే విడిగా రాయాలి. 6:15కి ఒకరు "ఆరుంబావు" అన్నారు. పక్కనున్న అక్క "ఆరూ పదిహేను" అన్నారు. 6:45కి ఒకరు "పావు తక్కువ ఏడు", ఇంకొకరు "ఆరూ ముప్పావు". అందరూ సరైనవాళ్ళే. చివరికి ఫోన్‌లో ఒక్కసారి వినగానే అందరికీ తెలిసేది పెట్టుకున్నాం. అరగంటకి "న్నర", మిగతావాటికి నిమిషాలు.

తర్వాత ఏఎం, పీఎం. ఇంగ్లీషులో రోజుకి రెండే ముక్కలు. తెలుగులో తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. వైకుంఠ ఏకాదశికి 4:30 ఏఎం అంటే "ఉదయం నాలుగున్నర" కాదు, "తెల్లవారుజామున నాలుగున్నర". మరి 7:30 పీఎం? డిసెంబరులో రాత్రి. జూన్‌లో మా ఊళ్ళో అప్పటికి ఇంకా ఎండ ఉంటుంది, దాన్ని రాత్రి అంటే ఎలా? దీని మీద అరగంట మాట్లాడుకున్నాం. ఎనిమిది లోపు అంతా సాయంత్రమే అని తేల్చుకున్నాం. ఈ నిర్ణయం ఏ కంపెనీ మనకోసం తీసుకోదు. తీసుకోకూడదు కూడా.

శివరాత్రి ఇంకో చిక్కు. అర్ధరాత్రి అభిషేకానికి షీట్‌లో తారీకు మారిపోతుంది, ఎందుకంటే ఇంగ్లీషు లెక్కలో అప్పటికి మర్నాడు. పెద్దవాళ్ళకి మాత్రం తెల్లారేదాకా అది శివరాత్రే. మర్నాటి తారీకు చెప్తే ఒక రోజు ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఉంటారు. అందుకని అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము లోపు సమయం వస్తే "శివరాత్రి నాటి రాత్రి తెల్లవారితే" అని ముందు రోజు పేరు కూడా చెప్పేటట్టు పెట్టించాం.

తారీకుల్లో 04/05 అని ఉంటే అమెరికాలో ఏప్రిల్ ఐదు, ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి మే నాలుగు. ఫిల్టర్ ఎప్పుడూ నెల పేరే చెప్పాలి. ఇది చిన్న విషయం, వెంటనే అయిపోయింది.

మంది

నాకు అన్నిటికంటే నచ్చిన ఫిల్టర్ ఇది. నేను చదివింది ఇంగ్లీషు మీడియంలో. తెలుగు ఇంట్లో మాట్లాడాను, బడిలో చదవలేదు. అందుకని ఇలాంటి రూల్స్ నా నోటికి తెలుసు, నా బుర్రకి తెలియదు.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు: ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. తర్వాత ఎనిమిది మంది. తొమ్మిది మంది. పది మంది. ఏడు దగ్గర రూపం మారిపోతుంది. పాత తెలుగులో ఎనమండుగురు, తొమ్మండుగురు ఉన్నాయి. ఇప్పుడు మామూలుగా ఎవరూ అనరు.

కుర్చీలకి రెండు, మనుషులకి ఇద్దరు. "రెండు అమ్మాయిలు వచ్చారు" అని మన పిల్లలు అంటే మనం దిద్దుతాం. యంత్రం అంటే ఎందుకు ఊరుకోవాలి? ఆ పిల్లలే కదా వింటున్నది.

ఫిల్టర్ రాయాలంటే షీట్‌లో ఏ అంకె మనుషులది, ఏ అంకె వస్తువులది అని ఒక గడి పెట్టాలి. "3" అని మాత్రమే ఉంటే ముగ్గురో మూడో ఏ ఫిల్టరూ చెప్పలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. షీట్‌లో లేని సంగతి గొంతులోకి రాదు.

ఈ ఫిల్టర్ కోసం రాసుకున్న కాగితం నాకు ఒక వ్యాకరణ పాఠం అయింది. తెలుగు నేర్చుకునేవాళ్ళకి నా సలహా: ఒక రోజు కూర్చుని, యంత్రానికి మీ ఇంటి తెలుగు నేర్పుతున్నట్టు రూల్స్ రాయండి. మీకు ఏం తెలుసో అప్పుడు తెలుస్తుంది.

పొట్టి మాటలు

మూడోది పొట్టి మాటల ఫిల్టర్. పంచాంగంలోనూ శుభలేఖల్లోనూ చోటు తక్కువ, అందుకని మాటల్ని కుదిస్తారు. ఉ., సా., రా., చి., చి.ల.సౌ., డా., కీ.శే. ఇవన్నీ విప్పి చెప్పాలి. రెండు వరసల పట్టిక అంతే: ఎడమ పక్క పొట్టి మాట, కుడి పక్క పూర్తి మాట. వినడానికి సులువుగా ఉంది కదా? ఇందులో మూడు గోతులు ఉన్నాయి.

మొదటిది వరస. "చి." అంటే చిరంజీవి. "చి.ల.సౌ." అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పట్టికలో "చి." ముందు ఉంటే, పెళ్ళికూతురి పేరు ముందు "చిరంజీవిల.సౌ." అని తయారవుతుంది. పొడుగు మాట ముందు, పొట్టి మాట తర్వాత. ఎప్పుడూ ఇదే వరస.

రెండోది "రా." అంటే రాత్రి. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "ప్రసాదం తీసుకోకుండా వెళ్తారా." చివర ప్రశ్న గుర్తు బదులు చుక్క పెట్టారు, మనవాళ్ళు అలా పెడతారు. రిప్లేస్ ఫిల్టర్ దీన్ని "వెళ్తారాత్రి" అని చేసేస్తుంది. మాట మొదట్లో ఉంటేనే మార్చు అని చెప్పొచ్చు కదా అని మీరు అనొచ్చు. ఇంగ్లీషులో అది పనిచేస్తుంది. పైథాన్‌లో మాట ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని చూసే గుర్తు ఒకటుంది. దాని లెక్కలో "ర" అక్షరమే, కానీ "ర"కి పెట్టిన దీర్ఘం అక్షరం కాదు. గుణింతం గుర్తు వచ్చిన ప్రతి చోటా దానికి మాట ముగిసినట్టే. "వెళ్తారా"లో దానికి ఒక మాట కనపడదు, ముక్కలు కనపడతాయి. కాబట్టి "రా." వెనక అంకె ఉంటేనే రాత్రి అని రూల్ పెట్టాలి. "రా. 8:00" అయితే రాత్రి, లేకపోతే ముట్టుకోకు.

మూడోది "శు." పంచాంగంలో అది శుద్ధ. వారాల పట్టికలో అదే శుక్రవారం. "మాఘ శు. 7" అంటే శుద్ధ సప్తమి. "శు. 7:00" అంటే శుక్రవారం ఏడు గంటలకి. ముందు మాసం పేరు ఉందా, వెనక గంట ఉందా అని చూడాలి. తిథి అయితే అంకె కూడా మారాలి: ఏడు కాదు, సప్తమి. ఇది మా అబ్బాయి వాలంటీరుకి అసలు తెలియదు. అతనికి కోడ్ తెలుసు. శుద్ధ అంటే ఏమిటో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పిన్నిగారికి తెలుసు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే ఆ ఫిల్టర్ తయారైంది.

అంకెల్లో ఇంకా ఉన్నాయి. పది అంకెల ఫోన్ నంబరుని గొంతు వందల కోట్లలో చదివింది. దానికి ఒక్కో అంకె విడిగా చదివే ఫిల్టర్ పెట్టాం. 1,116 డాలర్లలో కామా దగ్గర ఆగి "ఒకటి, నూట పదహారు" అంది. కామా తీసేస్తే "వెయ్యి నూట పదహారు" అని సరిగ్గా వచ్చింది.

ఫిల్టర్ వల్ల కానిది: మనుషుల పేర్లు

మా షీట్‌లో భక్తుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఫారం నింపేది పిల్లలు కదా. ఇంగ్లీషులో రాస్తే రమ, రామ ఒకటే. లత అని రాస్తే గొంతు "లాటా" అంటుంది. దీనికి ఏ రూలూ లేదు. ఎంత తెలివైన గొంతు వచ్చినా, ఆ అక్షరాలు చూసి ఆవిడ రమగారా, ఆయన రామగారా అని తెలుసుకోలేదు. ఇంట్లోవాళ్ళని అడగాల్సిందే.

అందుకని నేను అడిగేది ఫారంలో ఇంకొక్క గడి: "పేరు తెలుగులో". తెలుగు రాయడం రాకపోతే ఫోన్‌లో పేరు చెప్పండి, మేం రాస్తాం. పలికే లైన్‌కి ఆ గడి వెళ్తుంది. చూసే పేజీకి మామూలు పేరు వెళ్తుంది. తల్లిదండ్రుల పేరు మీద అన్నదానం పెట్టించేవాళ్ళకి ఆ ఒక్క పేరు సరిగ్గా వినపడటమే ముఖ్యం. మిగతా ప్రకటన అంతా తప్పు చదివినా వాళ్ళు క్షమిస్తారు.

ఎదురు మాటలు

"ఫిల్టర్లు ఎందుకు, షీట్‌లోనే గొంతుకి నచ్చేటట్టు రాసేస్తే పోలా?" అని కొందరు అంటారు. 7:30 బదులు "ఏడున్నర", కీ.శే. బదులు పూర్తి మాట, లత బదులు ఏదో వింత స్పెల్లింగు. కానీ అదే షీట్ గుడి గోడ మీద కాగితం అవుతుంది, వెబ్‌సైట్ అవుతుంది. కంటికి 7:30 హాయిగా ఉంటుంది. వరసగా పది పూజల సమయాలు మాటల్లో రాస్తే చూసుకోవడం కష్టం. పైగా మనలాంటి నేర్చుకునేవాళ్ళు ఆ కాగితం చూసే తెలుగు చదవడం అలవాటు చేసుకుంటున్నారు. యంత్రం కోసం వంకర చేసిన స్పెల్లింగులు వాళ్ళ కళ్ళలో పడకూడదు. గొంతు రేపు మారుతుంది. వంకర స్పెల్లింగు షీట్‌లో ఉండిపోతుంది.

"ఇంకో ఏడాది ఆగితే కొత్త ఏఐ గొంతులు వాటంతట అవే సరిగ్గా చదువుతాయి" అని ఇంకో మాట. కొంత నిజమే. గొంతులు బాగా మెరుగయ్యాయి. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ దగ్గర తెలుగుకి శ్రుతి, మోహన్ అని రెండు గొంతులు ఉన్నాయి, పాత మరబొమ్మ గొంతులా ఉండవు. "సా."ని సాయంత్రం అనడం రేపు ఏదో ఒక గొంతు నేర్చుకుంటుంది. కానీ జూన్‌లో ఏడున్నర సాయంత్రమో రాత్రో అది నేర్చుకోదు, అది మా గుడి నిర్ణయం. రమ, రామ సంగతి ఎలాగూ తెలియదు. ఇంకో సంగతి, గొంతు ఎంత తియ్యగా ఉంటే తప్పు అంత నిజంలా వినిపిస్తుంది. పాత గొంతు తప్పు చదివితే యంత్రం కదా అనుకునేవాళ్ళం. కొత్తది తప్పు చదివితే గుడివాళ్ళే అలా అన్నారు అనుకుంటారు.

మూడో మాట కమిటీ మాట: "ఇంగ్లీషుకి ఈ బాధలు లేవు." ఉన్నాయి. ఇంగ్లీషులో డి, ఆర్ అనే రెండక్షరాలు పేరు ముందు ఉంటే డాక్టర్, వీధి పేరు వెనక ఉంటే డ్రైవ్. ఎస్, టి ముందు ఉంటే సెయింట్, వెనక ఉంటే స్ట్రీట్. ఈ గోతులు మన "శు." లాంటివే. తేడా ఒకటే: వాటిని పూడ్చడానికి ఇంగ్లీషు వచ్చిన ఇంజనీర్లు ఎన్నో ఏళ్ళు కూర్చున్నారు. ఆ పని ఇంగ్లీషు గొంతు లోపలే ఉంది, అందుకని మనకి కనపడదు. తెలుగుకి ఇంకా అందరూ కూర్చోలేదు. కూర్చోకుండా తెలుగు కష్టమైన భాష అనడం న్యాయం కాదు.

యంత్రానికి ఇవ్వకూడనివి

ఫిల్టర్ మీద నాకు ఇష్టం ఉంది కదా అని అన్నీ యంత్రానికి ఇమ్మని నేను చెప్పను. సంకల్పం, గోత్రనామాలు మనిషి నోటితోనే చెప్పాలి. ఎవరైనా పోయారన్న కబురు యంత్రం గొంతుతో చెప్పకూడదు. హఠాత్తుగా గుడి మూసినప్పుడు, మంచు తుఫాను వచ్చినప్పుడు, ఒక మనిషి రికార్డు చేస్తే వినేవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. వారం వారం మారే సమయాలు, పూజల పట్టిక, అన్నదానం వివరాలు, వీటికి యంత్రం చాలు.

చాలు అంటే, ఎవరూ వినక్కర్లేదని కాదు. పట్టికలో ఒక మాట కలిపితే ఇంకోచోట ఏదో చెడుతుంది, "రా." కథ అదే. అందుకని మేం ఇరవై వాక్యాలు ఒక కాగితం మీద రాసుకున్నాం. మొదట చదివిన ఐదూ అందులోవే. "వెళ్తారా" ఉంది, ఒంటిగంట ఉంది, ఎనిమిది మంది ఉన్నారు. ఫిల్టర్లో ఏ మార్పు చేసినా ఆ ఇరవై వాక్యాలూ గొంతుతో చదివించి, ఇద్దరు పెద్దవాళ్ళు విని, సరే అన్నాకే లైన్ మీదికి వెళ్ళాలి. వినడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

వింటున్న ఆ ఇద్దరి గురించి ఒక మాట. గుడిలో కంప్యూటర్ పని అనగానే పక్కకి జరిగే పెద్దవాళ్ళు వాళ్ళు. "మాకేం తెలుసమ్మా" అనేవాళ్ళు. ఇప్పుడు ఆ అబ్బాయి ఫోన్ చేసి, "పిన్నిగారూ, బహుళ అంటే కృష్ణపక్షమేనా?" అని అడుగుతున్నాడు. అతను పుట్టింది ఇక్కడే. తెలుగు చదవడం కొద్దిగా వచ్చు. ఈ పట్టిక వల్ల పక్షాలు, తిథులు పదిహేనూ వరసగా నేర్చుకున్నాడు. తెలుగు క్లాసులో కూర్చోమంటే కూర్చోని వయసు అతనిది.

కమిటీకి నేను చెప్పబోయేది ఇంతే. రెండో బటన్ ఉంచండి. ఫారంలో "పేరు తెలుగులో" అని ఒక గడి పెట్టండి. పొట్టి మాటల పట్టిక పెద్దవాళ్ళ చేతికి ఇవ్వండి, మార్చే హక్కు కూడా వాళ్ళకే ఇవ్వండి. గురువారం సాయంత్రం ఇద్దరు కూర్చుని వింటారు. ఆ ఇద్దరిలో ఒకరిగా నా పేరు రాసుకోండి. ఇంకొకరు కావాలి.